స్లీప్ పెరాలసిస్ వచ్చినప్పుడు ఏం చేయాలి?

మెలకువ వచ్చేసింది, కళ్లు తెరుచుకున్నాయి, గదిలో వస్తువులన్నీ కనిపిస్తున్నాయి. చెయ్యి మాత్రం లేవదు, గొంతు పెగలదు. గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంటుంది. దీన్నే స్లీప్ పెరాలసిస్ అంటారు. అప్పుడు ఎవరైనా మొదట చేసేది, శక్తంతా కూడదీసుకుని లేవాలని పెనుగులాడటం. భయం ముదిరేది సరిగ్గా అక్కడే. కింద చెప్పిన వాటిలో ఇంకేం గుర్తున్నా లేకపోయినా, ఆ సమయంలో బలం వాడకూడదన్న సంగతి మాత్రం గుర్తుంచుకోండి.

1. అసలు ఏం జరుగుతోందో పగలే తెలుసుకోండి

భయం పట్టుకున్నాక బుర్ర పనిచేయదు. అందుకే ఇది ముందే తెలిసుండాలి. కలలు బాగా వచ్చే నిద్ర దశను రెమ్ నిద్ర అంటారు. కలలో పరిగెడుతుంటే నిజంగానే మంచం దిగి పరిగెత్తకుండా, ఆ దశలో మెదడు కాళ్లూ చేతుల కండరాలను కదలనివ్వదు. ఒక్కోసారి మెలకువ ముందు వచ్చేస్తుంది, కండరాలకు మాత్రం విడుదల కాస్త ఆలస్యంగా దొరుకుతుంది. నిద్రలోకి జారుకునేటప్పుడు కూడా ఇలా జరగొచ్చు. మామూలుగా కొన్ని సెకన్ల నుంచి ఒకటి రెండు నిమిషాల్లో దానంతటదే పోతుంది.

ఊపిరాడట్లేదు అనిపించడానికీ కారణముంది. రెమ్ నిద్రలో పక్కటెముకల మధ్య ఉండే కండరాలు సడలిపోతాయి, శ్వాస ఎక్కువగా డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరం) మీదే నడుస్తుంది. మీరు కావాలని గట్టిగా ఊపిరి లాగబోతే ఛాతీ మాట వినదు. చచ్చిపోతున్నామేమో అన్నంత భయం వేస్తుంది. కానీ శ్వాస ఆగదు, చిన్నగా నడుస్తూనే ఉంటుంది.

ఇక గది మూలలో కనిపించే నల్లటి మనిషి, వినిపించే అడుగుల చప్పుడు, గాల్లో తేలుతున్నట్టు అనిపించడం, ఇవన్నీ ఇంకా ఆగని కల ముక్కలు. కళ్లు తెరిచే ఉన్నాయి కాబట్టి అవి గదిలోనే ఉన్నట్టు తోస్తుంది. మీ మతి పోవడం లేదు, మిమ్మల్ని ఏదీ పట్టలేదు. జీవితంలో ఒక్కసారైనా ఇది అనుభవించినవాళ్లు నూటికి సుమారు ఎనిమిది మంది ఉంటారని 2011లో వచ్చిన ఒక పరిశోధనా సమీక్ష లెక్కగట్టింది.

2. వచ్చినప్పుడు: కళ్లు మూసుకుని, ఒళ్లు వదిలేయండి

కనురెప్పలు, కళ్లు మామూలుగా మీ మాట వింటాయి. కళ్లు మూసేయండి. కనిపించేదాన్ని పరీక్షగా చూడాలన్న కోరికను ఆపుకోండి. మనసులో ఒకే మాట అనుకోండి: "ఇది స్లీప్ పెరాలసిస్, కాసేపట్లో పోతుంది." తర్వాత మీకు ప్రాణమైన మనిషినో, చిన్నప్పుడు వచ్చిన పద్యాన్నో, దేవుడి ప్రార్థననో తలచుకుని మనసంతా దాని మీదే పెట్టండి. కదలడానికి ప్రయత్నించకండి, శ్వాసను అదుపు చేయబోకండి.

బాలాండ్ జలాల్ అనే పరిశోధకుడు 2016లో ప్రతిపాదించిన పద్ధతి దాదాపు ఇదే. దీన్ని పగలు వెల్లకిలా పడుకుని కొన్నిసార్లు సాధన చేయండి. అప్పుడే రాత్రి అక్కరకొస్తుంది.

కొంతమందికి కాలి బొటనవేలో, వేలి కొసో మెల్లగా కదిపితే త్వరగా విడుదలవుతుంది. ఒకసారి చూడండి. కదలకపోతే వదిలేయండి, పట్టుదలకు పోవద్దు.

3. వదిలాక వెంటనే నిద్రపోకండి

అదే భంగిమలో మళ్లీ కునుకు తీస్తే తిరిగి వచ్చే అవకాశముంది. లేచి కూర్చుని, లైటు వేసి, కాసిని మంచినీళ్లు తాగండి. టెన్షన్ తగ్గాక పక్కకు తిరిగి పడుకోండి.

4. పక్కన పడుకునేవాళ్లకు చెప్పి ఉంచండి

పేరు పెట్టి పిలిచినా, భుజం తట్టినా చాలాసార్లు ఆ స్థితి తెగిపోతుంది. సిగ్గుపడి దాచుకునేవాళ్లే ఎక్కువ బాధపడతారు. ఇంట్లోవాళ్లకు చెప్పడమే సగం ధైర్యం.

5. మళ్లీ మళ్లీ రాకుండా

నిద్ర చాలకపోవడం, నైట్ షిఫ్టులు, రోజుకో వేళకు పడుకోవడం, మానసిక ఒత్తిడి దీన్ని పిలిచి తెచ్చుకున్నట్టే. సెలవు రోజుల్లోనూ ఒకే వేళకు పడుకుని, ఒకే వేళకు లేవండి. వెల్లకిలా పడుకునేవాళ్లకు ఇది ఎక్కువగా వస్తుంది కాబట్టి పక్కకు పడుకోవడం అలవాటు చేసుకోండి. పడుకోబోయే ముందు మద్యం వద్దు. కలలను అదుపు చేద్దామని తెల్లవారుజామున అలారం పెట్టుకుని లేచి, మళ్లీ పడుకునే ప్రయోగాలు చేస్తుంటే మానేయండి. వాటివల్ల కూడా ఇది రావొచ్చు.

6. డాక్టర్ దగ్గరికి ఎప్పుడు?

ఎప్పుడో ఒకసారి వస్తే చికిత్స అక్కర్లేదు. తరచూ వస్తున్నా, పడుకోవాలంటేనే భయం వేస్తున్నా వెళ్లండి. పగలు ఆపుకోలేనంత నిద్ర వస్తున్నా, నవ్వినప్పుడో కోపం వచ్చినప్పుడో మోకాళ్లు ఒక్కసారిగా పట్టు తప్పుతున్నా అసలు ఆలస్యం చేయొద్దు, అవి నార్కోలెప్సీ అనే నిద్ర జబ్బు లక్షణాలు కావొచ్చు. డిప్రెషన్ మందులు వాడుతుంటే మీ అంతట మీరు ఆపేయకండి, ఒక్కసారిగా ఆపితే రెమ్ నిద్ర పెరిగిపోయి సమస్య ఎక్కువయ్యే వీలుంది. ఏ రాత్రి వచ్చింది, ఎన్ని గంటలు నిద్రపోయారు, ఎలా పడుకున్నారు అన్నది రెండు వారాలు రాసిపెట్టుకుని ఆ కాగితం డాక్టర్‌కు చూపించండి.