పాంక్రియాస్ సూది పరీక్షకు వెళ్లే ముందు జాగ్రత్తలు

పాంక్రియాస్‌లో (క్లోమగ్రంథిలో) గడ్డకు ఎక్కువగా నోటి గుండా ఎండోస్కోపీ గొట్టం పంపి, దాని కొసనున్న అల్ట్రాసౌండ్‌తో చూస్తూ జీర్ణాశయం లేదా చిన్నపేగు గోడలోంచి సూది గుచ్చుతారు. బయటి నుంచి పొట్ట చర్మం మీదుగా సీటీ స్కాన్‌లో చూస్తూ చేసేది ఇంకో పద్ధతి. మీకు ఏది, ఎందుకని ముందే అడగండి. నేరుగా ఆపరేషన్‌కు వీలైన గడ్డకు ఒక్కోసారి ఈ సూది పరీక్షే (ముక్క తీసి చూసే బయాప్సీ) అక్కర్లేదు.

• అన్నిటికంటే ముఖ్యం, రక్తం పలుచబరిచే మందులు. క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటివి మామూలుగా 5 రోజుల ముందు ఆపిస్తారు. కానీ గుండె రక్తనాళంలో స్టెంట్ (సన్నటి గొట్టం) ఉన్నవాళ్లు గుండె డాక్టరును అడక్కుండా సొంతంగా ఆపొద్దు. మందుల చీటీలన్నీ పట్టుకెళ్లండి. "ఎర్ర బిళ్ల" అంటే ఎవరికీ అర్థం కాదు.

• ప్లేట్‌లెట్లు, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం చూసే పరీక్ష) రిపోర్టులు కూడా పట్టుకెళ్లండి.

• పరగడుపున రమ్మంటారు. అమలాపురం నుంచి కాకినాడ వెళ్తూ యానాం దగ్గర "కొబ్బరి బొండమే కదా" అని తాగేస్తారు మనవాళ్లు. డాక్టరు చెప్పిన గడువు దాటాక అదీ వద్దు. షుగర్ బిళ్ల, ఇన్సులిన్ ఆ పూట ఎలాగో అడగండి.

• కట్టుడు పళ్లు తీసేయాలి.

• మత్తిస్తారు కాబట్టి ఆ రోజు బండి నడపకూడదు, తోడు ఉండాలి.

• ఇంటికొచ్చాక విపరీతమైన కడుపునొప్పి, జ్వరం, వాంతులు, నల్లటి విరేచనం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.