పిల్లలున్న ఇంట్లో తూటాలు భద్రపరిచే ముందు

లైసెన్సు తుపాకీ ఉన్న ఇంట్లో తూటాలను పెట్టెలో దాచే ముందు, తుపాకీ ఛాంబర్ (పేల్చే తూటా కూర్చునే గది) తెరిచి అది ఖాళీగా ఉందో లేదో కంటితో చూడాలి. మ్యాగజైన్ (తూటాలు నింపే డబ్బా) తీసినంత మాత్రాన ఛాంబర్‌లోని తూటా బయటికి రాదు. తూటాలను తుపాకీకి దూరంగా, వేరే తాళమున్న ఇనుప పెట్టెలో, కంపెనీ అట్టపెట్టెతోనే ఉంచాలి. తోలు బెల్టులో నెలల తరబడి వదిలేస్తే తూటాల ఇత్తడి తొడుగుకు పచ్చటి చిలుము పడుతుంది.

చిన్నపిల్లల విషయంలో తాళం చాలునేమో గానీ, తాళంచెవి ఏ డబ్బాలో ఉంటుందో ఎదిగిన పిల్లలు ఎప్పుడో కనిపెట్టేసి ఉంటారు కనుక, దాన్ని లైసెన్సుదారు తన వెంటే ఉంచుకోవాలి. నంబరు తాళమైతే పుట్టినరోజులు, బండి నంబర్లు పెట్టకూడదు. పెట్టె తెరిచినప్పుడల్లా తూటాల లెక్క సరిచూడాలి. ఎన్నికల వేళ తుపాకీని ఠాణాలో అప్పగించినవారు ఇంట్లో మిగిలిన తూటాల సంగతి మరవకూడదు. చిలుము పట్టినవాటిని చెత్తలో పారేయకుండా, ఎక్కడ అప్పగించాలో ఠాణాలోనే అడగాలి.