పాత వ్యాన్‌లో వేరే ఇంజన్ ఎక్కించడం ఎలా?

వ్యాన్ బాడీ గట్టిగానే ఉంటుంది, ఇంజన్ మాత్రం ఆయిల్ తాగుతూ పొగ వదులుతుంటుంది, సామాన్లు దొరకవు. అప్పుడే చాలామందికి వేరే ఇంజన్ ఎక్కిద్దామన్న ఆలోచన వస్తుంది. మంచి ఆలోచనే. కాకపోతే అందరూ మొదట అడిగేది "ఎంత పవర్ వస్తుంది?" అని. గేర్‌బాక్స్‌తో అది ఎలా కలుస్తుందో అడిగేవాళ్లు తక్కువ. చెడగొట్టిన బండ్లన్నీ దాదాపు అక్కడే చెడిపోతాయి.

ఇంజన్ కొనకముందే కాగితాల సంగతి చూసుకోండి. చాలాచోట్ల ఇంజన్ మార్చడానికి అనుమతి కావాలి, కొత్త ఇంజన్ నంబర్ రిజిస్ట్రేషన్‌లోకి ఎక్కాలి, ఇన్సూరెన్స్ వాళ్లకీ చెప్పాలి.

ఇంజన్ ఎంపిక

విడి ఇంజన్ కొనొద్దు. వీలైతే అది ఉన్న బండి మొత్తం కొనండి. వైరింగ్, ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్), ఇమ్మొబిలైజర్ (సరైన తాళం లేకపోతే స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) ఉన్న తాళం, సెన్సర్లు, యాక్సిలరేటర్ పెడల్, అన్నీ ఒకదానికొకటి జతగా వస్తాయి. వీటిని తర్వాత ఒక్కొక్కటిగా వెతుక్కోవడం కన్నా పెద్ద తలనొప్పి లేదు. పొడవు, ఎత్తు కొలిచి ఊరుకోకుండా సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) గుంత ముందువైపుందా వెనకవైపుందా చూడండి, అది ఛాసిస్‌కి అడ్డంగా ఉండే క్రాస్ మెంబర్‌కి తగిలితే మిగతా కొలతలన్నీ సరిపోయినా లాభం లేదు. పాత ఇంజన్ కన్నా బాగా బరువైనదైతే వదిలేయండి, ముందు స్ప్రింగులు, బ్రేకులు కూడా మార్చాల్సి వస్తుంది.

చోటుంటే ఇంజన్‌తో పాటు దాని గేర్‌బాక్సే ఎక్కించండి. గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కి తిరుగుడు అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్ కొత్త పొడవుకి చేయించి బ్యాలెన్స్ పట్టించుకుంటే సరిపోతుంది. కానీ వెనక ఇంజన్ ఉండే పాత ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్ల లాంటి వాటిలో గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ (చక్రాలకి శక్తి పంచే గేర్లు) ఒకే పెట్టెలో ఉంటాయి, దాన్ని తీసేయడం అంత తేలిక కాదు. అందుకే వాటిలో సుబారు ఇంజన్ పెట్టేవాళ్లు ఎక్కువగా ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్యలో రెండింటినీ కలిపే అడాప్టర్ ప్లేట్ వాడతారు. ఆ ప్లేట్ మెషిన్‌ మీద కోసినదై, డోవెల్ పిన్నులతో (రెండు భాగాల్ని కచ్చితంగా ఒకే చోట నిలిపే బిగుతైన పిన్నులు) ఉండాలి. రెండు బెల్ హౌసింగులు (క్లచ్‌ని కప్పే గంట ఆకారపు డొప్పలు) సగానికి కోసి వెల్డింగ్ చేసి కలిపే మహానుభావులు ఉన్నారు, వాళ్ల జోలికి పోకండి. అల్యూమినియం వెల్డింగ్ వేడికి ఎటు వంగుతుందో ఎవరి చేతిలోనూ ఉండదు.

పాతది దించడం

బ్యాటరీ తీసేయండి, కూలెంట్, ఆయిల్ వంపేయండి, ప్రతి వైరుకీ చీటీ కట్టి ఫోటో తీయండి. చైన్ పుల్లీ లేదా ఇంజన్ హాయిస్ట్, గట్టి స్టాండ్లు, టార్క్ రెంచ్, వెర్నియర్ (సన్నటి కొలతలు తీసే స్కేలు), డయల్ గేజ్ (ముల్లు ఆనిస్తే చిన్న తేడా కూడా చూపే మీటరు) ఉంటే చాలు. సీటు కింద ఇంజన్ ఉండే వ్యాన్లలో చాలావాటికి అది కిందనుంచే దిగుతుంది కాబట్టి బండిని బాగా ఎత్తాలి. ఒట్టి జాకీ మీదున్న బండి కిందకి మాత్రం దూరకండి.

ఇంజన్, గేర్‌బాక్స్ కలపడం

ఇక్కడ ఫోన్ పక్కన పెట్టి, ఒక రోజంతా దీనికే ఇవ్వండి.

క్రాంక్ (ఇంజన్‌లో తిరిగే ప్రధాన షాఫ్ట్) మధ్య గీత, గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ (క్లచ్ నుంచి తిరుగుడు అందుకునే కడ్డీ) మధ్య గీత ఒకే వరసలో ఉండాలి. "బోల్టులు పట్టాయిగా, ఇంకేం" అంటే కుదరదు. బోల్టు రంధ్రంలో ఎప్పుడూ కాస్త ఖాళీ ఉంటుంది, వరస కుదిర్చేది డోవెల్ పిన్నులే. తేడా ఉన్నా మొదటి రోజు బండి చక్కగా నడుస్తుంది. తర్వాత క్లచ్ పూర్తిగా విడవదు, గేర్ జారుతుంది, క్లచ్ ప్లేట్ హబ్ (మధ్య భాగం) పగులుతుంది, ఇన్‌పుట్ బేరింగ్ అరుస్తుంది. అప్పుడు అందరూ గేర్‌బాక్స్‌ని తిడతారు.

అడాప్టర్ ప్లేట్, ఖాళీ బెల్ హౌసింగ్ బిగించి, డయల్ గేజ్‌ని ఫ్లైవీల్ (క్రాంక్ వెనక బిగించే బరువైన చక్రం) మీద నిలబెట్టి, దాని ముల్లు గేర్‌బాక్స్ కూర్చునే గుండ్రటి అంచు లోపలికి ఆనించండి. బెల్ హౌసింగ్ విడిగా ఊడని గేర్‌బాక్స్ అయితే ఇదే కొలత ప్లేట్ మీద తీయాలి. స్పార్క్ ప్లగ్గులు తీసేసి, క్రాంక్‌ని స్పానర్‌తో నెమ్మదిగా ఒక చుట్టు తిప్పండి. గేజ్ 0.2 మిల్లీమీటర్లు ఊగితే అసలు తప్పు అందులో సగం, అంటే 0.1. గేజ్ 0.2 దాటి ఊగితే నేను ఒప్పుకోను, ఆఫ్‌సెట్ డోవెల్స్ (మధ్య కాస్త పక్కకి జరిపిన పిన్నులు) వేసి సరిచేయాల్సిందే. తర్వాత ముల్లుని గేర్‌బాక్స్ ఆనుకునే చదునైన ముఖం మీద పెట్టి మళ్లీ తిప్పండి, ఈసారి క్రాంక్‌ని ఒకే వైపు నెట్టి పట్టుకోవాలి, లేకపోతే దాని ఎండ్ ప్లే (ముందుకీ వెనక్కీ కదిలే ఖాళీ) కూడా కొలతలో కలిసిపోతుంది.

ఇక లోతు. ఇన్‌పుట్ షాఫ్ట్ కొస క్రాంక్ వెనకున్న స్పిగాట్ బేరింగ్‌లో కూర్చోవాలి, గుంత అడుగుకి మాత్రం తగలకూడదు. రెండు వైపులా వెర్నియర్‌తో కొలిచి, అడాప్టర్ ప్లేట్ మందం కలుపుకుని లెక్కేయండి. కొసన 2 మిల్లీమీటర్లైనా ఖాళీ మిగలాలి. క్లచ్ ప్లేట్ స్ప్లైన్ (మధ్య రంధ్రంలోని గాట్లు) గేర్‌బాక్స్‌కి సరిపోవాలి, వ్యాసం కొత్త ఫ్లైవీల్‌కి సరిపోవాలి. రెండూ కుదిరే ప్లేట్ రెడీమేడ్‌గా దొరకకపోతే చేయించుకోవాలి.

కలిపేటప్పుడు తల కోసేసిన రెండు పొడవాటి బోల్టులు గైడ్లుగా బిగించి, గేర్‌బాక్స్‌ని వాటిమీద జరపండి. స్ప్లైన్ దగ్గర ఆగితే గేర్ వేసి, క్రాంక్‌ని కొద్దికొద్దిగా కదపండి. బరువు ఒక్క క్షణం కూడా షాఫ్ట్ మీద వేలాడకూడదు, క్లచ్ ప్లేట్ అక్కడికక్కడే వంగిపోతుంది. చివరి సెంటీమీటరు కూడా చేత్తోనే మూయాలి. చేత్తో మూసుకోలేదంటే లోపల ఏదో అడ్డుంది, వెనక్కి లాగి చూడండి. బోల్టులు బిగించి లాక్కుందామనే తెలివితేటలు వద్దు, హౌసింగ్ చెవి టప్‌మని విరుగుతుంది. ఆటోమేటిక్ అయితే టార్క్ కన్వర్టర్ (క్లచ్ బదులు ఉండే ఆయిల్ నిండిన డబ్బా) పూర్తిగా లోపలికి కూర్చుందో లేదో చూసుకోవాలి, బోల్టులేసి లాగితే గేర్‌బాక్స్ పంప్ పోతుంది.

మిగతావి

రెండూ కలిపి బిగించాకే మౌంటింగులు (ఇంజన్‌ని బండికి పట్టి ఉంచే బ్రాకెట్లు) చేయండి, ముందే చేసేవాళ్లు అవి రెండుసార్లు చేస్తారు. ముందు చుక్క వెల్డింగ్ వేసి, గేర్‌బాక్స్ వాలు, యాక్సిల్ వాలు సమాంతరంగా ఉన్నాయని చూసుకుని అప్పుడు పూర్తిగా అతికించండి. రేడియేటర్ కొత్త ఇంజన్‌కి తగ్గది పెట్టండి.

కార్బురేటర్ బండిలో ఇంజెక్షన్ ఇంజన్ పెడితే పాత పెట్రోల్ పైపులు పనికిరావు. ఇంజెక్షన్ ప్రెషర్ చాలావాటిలో 3 బార్ చుట్టుపక్కల ఉంటుంది, దానికి తగ్గ పైపు, క్లిప్పులే వేయాలి. పెట్రోల్ తీసి డీజిల్ పెట్టారా, బ్రేక్ బూస్టర్‌కి వ్యాక్యూమ్ పంప్ మర్చిపోవద్దు. ఇంజన్ నుంచి బాడీకి లావుపాటి ఎర్త్ వైరు తప్పనిసరి. రబ్బరు మౌంటింగులు కరెంటు పోనివ్వవు, ఎర్త్ వైరు లేకపోతే సెల్ఫ్ లాగే కరెంటంతా క్లచ్ కేబుల్ లోంచి దారి వెతుక్కుని దాన్ని కాల్చేస్తుంది.

మొదటి స్టార్ట్‌కి ముందు ఇంధనం, ఇగ్నిషన్ ఆపేసి, ఆయిల్ లైటు ఆరేదాకా సెల్ఫ్ ఆపి ఆపి కొట్టండి. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందేలా ఉంచుకోండి. కొన్నిరోజులు తిరిగాక అడాప్టర్, మౌంటింగ్ బోల్టులన్నీ టార్క్ రెంచ్‌తో మళ్లీ చూడండి.

చెవి మాత్రం క్లచ్ దగ్గరే ఉంచండి. పెడల్ తొక్కగానే సౌండ్ వస్తే రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కితే క్లచ్‌ని నెట్టేది) అనుకోవచ్చు. తొక్కి గేర్ వేశాక మాత్రమే వస్తే అనుమానం స్పిగాట్ బేరింగ్ మీదే, గేర్‌బాక్స్ దించి డయల్ గేజ్ మళ్లీ బయటికి తీయాల్సిందే.