ఎలక్ట్రిక్ ట్రక్కుకు ఆల్ టెర్రైన్ టైర్లు ఎలా ఎంచుకోవాలి?

విశాఖపట్నంలో తెల్లవారుజామున సరుకు ఎక్కించుకుని పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట మీదుగా అనంతగిరి ఘాటు ఎక్కి అరకు చేరే ట్రక్కు, దాదాపు 115 కిలోమీటర్ల దారిలో సముద్రతీరం నుంచి 900 మీటర్లకు పైగా ఎత్తుకు వెళుతుంది. నగరంలో చదునైన తారు, ఘాటులో వానకు తడిసిన మలుపులు, ఆ పైన గిరిజన గ్రామాలకు చీలిపోయే కంకర దారులు, శ్రావణ మాసంలో చక్రం దిగబడే ఎర్రమట్టి. ఇవన్నీ ఒకే రోజున అవే నాలుగు టైర్లు తొక్కాలి. తారు, కంకర, బురద అన్నిటి మీదా నడిచేలా చేసిన ఆల్ టెర్రైన్ టైరు కావాలన్న ఆలోచన ఈ దారిలో తిరిగేవారికి రావడం సహజమే.

అయితే డీజిల్ బండికి బాగా పనిచేసిన టైరే ఎలక్ట్రిక్ ట్రక్కుకూ సరిపోతుందని అనుకోకూడదు. బ్యాటరీ వల్ల ఖాళీ బండే బరువుగా ఉంటుంది. యాక్సిలరేటర్ తొక్కిన క్షణంలోనే మోటారు తన పూర్తి టార్కును, అంటే తిప్పే బలాన్ని, చక్రానికి అందిస్తుంది కాబట్టి ట్రెడ్, అంటే నేలను తాకే గళ్ల పొర, త్వరగా అరుగుతుంది. టైరు దొర్లడానికి ఎంత ఎక్కువ శక్తి తీసుకుంటే రేంజ్, అంటే ఒక్క చార్జితో వెళ్లగల దూరం, అంత తగ్గుతుంది. నా అభిప్రాయంలో ఈ బండ్లకు టైరు ఎంచుకునేటప్పుడు మొదట చూడవలసింది మోయగల బరువు, రెండోది తడి రోడ్డు మీద పట్టు. బురదలో పట్టు ఆ తర్వాతే. చాలామంది ఈ వరుసను తలకిందులు చేసి, గళ్లు పెద్దవిగా కనిపించే టైరును ముందు ఇష్టపడి, మిగతావి తర్వాత చూస్తారు.

1. పాత టైరును చదవండి

కొత్త టైరు కోసం దుకాణానికి వెళ్లే ముందు పాత టైరు పక్కగోడ మీద ఉన్న అంకెలన్నీ కాగితం మీద రాసుకోండి. డ్రైవరు తలుపు తెరిస్తే స్తంభం మీద కనిపించే చీటీలో కంపెనీ సూచించిన కొలత, గాలి పీడనం ఉంటాయి. వాటినీ రాసుకోండి. పాత టైరు మధ్యలో ఎవరైనా వేరే కొలతకు మార్చి ఉంటే ఈ రెండింటికీ తేడా కనిపిస్తుంది. అప్పుడు చీటీనే నమ్మాలి.

తర్వాత అరుగుదల చూడండి. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువతో నడిపారని, నడిమి భాగం అరిగితే గాలి ఎక్కువైందని, ఒక్క అంచే అరిగితే చక్రాలు నిలిచే కోణం, అంటే అలైన్‌మెంట్ తప్పిందని అర్థం. మోటారు తిప్పే ఇరుసు చక్రాలు మాత్రమే మిగతావాటికంటే బాగా ముందే అరిగితే, అది టార్కు వల్ల, రీజెనరేటివ్ బ్రేకింగ్ (మోటారే బండిని ఆపుతూ ఆ శక్తిని బ్యాటరీకి తిరిగి పంపడం) వల్ల వచ్చిన అరుగుదల. ఆ బ్రేకింగ్ పనిచేసేది మోటారు ఉన్న ఇరుసు మీదే. అలైన్‌మెంట్ సరిచేయకుండా ఎంత మంచి టైరు వేసినా అదే గతి పడుతుంది.

కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం నాలుగు చక్రాల బండికి ట్రెడ్ లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. గాడుల అడుగున ఉండే చిన్న దిమ్మెలు ట్రెడ్‌తో సమానమయ్యాయంటే ఆ హద్దుకు వచ్చినట్లే. ఘాటు దారిలో తిరిగే బండికి అంతదాకా ఆగమని నేను చెప్పను. 3 మిల్లీమీటర్ల దగ్గరే, వీలైతే జూన్ వానలకు ముందే మార్చుకోవడం మేలు.

2. నెల రోజుల దారి లెక్క వేయండి

గత నెలలో బండి తిరిగిన కిలోమీటర్లలో తారు ఎంత, కంకర ఎంత, బురద ఎంత అన్నది నిజాయితీగా రాయండి. గాజువాక, కూర్మన్నపాలెం, మధురవాడల మధ్య సరుకు దింపుతూ నెలకు ఒక్కసారి పాడేరు వెళ్లే బండికి ఆల్ టెర్రైన్ టైరు అవసరం లేదు. ఆ ఒక్క ప్రయాణం కోసం మిగతా 29 రోజులూ రేంజ్ పోగొట్టుకున్నట్లవుతుంది. కంకర, మట్టి దారులు అయిదో వంతు దాటితే ఆలోచించవచ్చు. మూడో వంతు దాటితే తీసుకోవాలి.

3. బరువు లెక్క సరిచూడండి

కొలత పక్కన కనిపించే రెండు మూడు అంకెల సంఖ్య లోడ్ ఇండెక్స్. అది నేరుగా కిలోలు కాదు, పట్టికలో చూసుకోవాల్సిన సంకేతం. 91 అంటే 615 కిలోలు, 100 అంటే 800, 104 అంటే 900, 110 అంటే 1,060, 116 అంటే 1,250 కిలోలు. ఇది ఒక్క టైరు మోసే బరువు. దాని పక్కనున్న అక్షరం వేగ పరిమితి: క్యూ అయితే గంటకు 160 కిలోమీటర్లు, ఎస్ అయితే 180, టీ అయితే 190.

ఒక ఉదాహరణ చూద్దాం. వెనక ఇరుసు మీద అనుమతించిన గరిష్ఠ బరువు 1,700 కిలోలైతే ఒక్కో టైరుకు 850 కిలోలు పడుతుంది. అంటే కనీసం 102 లోడ్ ఇండెక్స్ కావాలి. కానీ సరుకు ఎప్పుడూ సరిగ్గా నడిమధ్య ఉండదు, మలుపులో బరువు ఒక పక్కకు ఒరుగుతుంది, గోతిలో పడినప్పుడు దెబ్బ అంతా ఒక్క టైరు మీదే పడుతుంది. అందుకే 106 దగ్గరికి, అంటే 950 కిలోలకు వెళ్లడం క్షేమం. కంపెనీ వేసిచ్చిన టైరు ఇండెక్స్ అంతకంటే ఎక్కువగా ఉంటే అదే కనీస హద్దు. దానికంటే ఒక్క అంకె తగ్గినా ఆ టైరును పక్కన పెట్టండి, ధర ఎంత తక్కువైనా సరే.

పక్కగోడ మీద 112/110 అని రెండు సంఖ్యలుంటే, మొదటిది ఇరుసుకు ఒక్కో వైపు ఒక్కో చక్రం ఉన్నప్పుడు, రెండోది జంట చక్రాలున్నప్పుడు వర్తిస్తుంది. కొలతలో ఎల్‌టీ అని ఉంటే అది సరుకు బండ్ల కోసం గట్టిగా కట్టిన టైరు. ఎక్స్‌ఎల్ అంటే అదే కొలతలోని మామూలు టైరుకంటే ఎక్కువ మోసేది. బరువైన ఎలక్ట్రిక్ వాహనాల కోసం ఇప్పుడు ఎక్స్‌ఎల్‌ను కూడా మించి మోసే హెచ్‌ఎల్ గుర్తు టైర్లు వస్తున్నాయి. ఒక విషయం మరవకూడదు. కారు తరహా టైరు తీసి ఎల్‌టీ టైరు వేస్తే, అదే బరువు మోయడానికి దానికి ఎక్కువ గాలి కావాలి. తలుపు చీటీ మీది పీడనం అప్పుడు చాలదు. కొత్త టైరు కంపెనీ ఇచ్చే బరువు–పీడనం పట్టిక అడిగి తీసుకోవాలి.

4. కొలత పెంచాలన్న కోరికను లెక్కతో చూడండి

245 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 70 శాతం పక్కగోడ ఎత్తు, 16 అంగుళాల రిమ్ము అని చెప్పే 245/70 ఆర్16 టైరు వ్యాసం దాదాపు 749 మిల్లీమీటర్లు. దాని బదులు 265/70 ఆర్16 వేస్తే వ్యాసం 777 అవుతుంది, అంటే 3.7 శాతం ఎక్కువ. నేల నుంచి ఎత్తు పెరిగేది అందులో సగమే, 14 మిల్లీమీటర్లు. దానికి బదులుగా మీటరు 80 చూపినప్పుడు బండి 83 మీద పోతుంది, మిగిలిన రేంజ్ అంచనా తప్పుతుంది, చక్రం పూర్తిగా తిప్పినప్పుడు మడ్‌గార్డు లోపల రాసుకునే ప్రమాదం ఉంటుంది, వెడల్పు పెరిగి గాలి నిరోధమూ పెరుగుతుంది. ఇన్ని నష్టాలకు 14 మిల్లీమీటర్లు చాలా చిన్న లాభం. కంపెనీ కొలతలోనే ఉండమని నా గట్టి సలహా.

12, 13 అంగుళాల రిమ్ములున్న చిన్న సరుకు ట్రక్కులవారికి ఆల్ టెర్రైన్ అనే పేరుతో టైరు దొరకడం అరుదు. వారు ముందు చక్రాలకు చుట్టూ నిలువు గీతలుండే రిబ్ టైరు, వెనక చక్రాలకు అంచుల్లో గళ్లుండే సెమీ లగ్ టైరు అడిగితే ఆ అవసరం చాలావరకు తీరుతుంది.

5. ట్రెడ్ చూడండి, బురద కోసమే కాదు

ఆల్ టెర్రైన్ అన్న పేరు కింద రెండు స్వభావాల టైర్లు అమ్ముతారు. ఒకటి రోడ్డు వైపు మొగ్గింది: గళ్లు దగ్గరదగ్గరగా, నడుమ గీత తెగకుండా ఉంటుంది, గళ్ల మీద సన్నని చీలికలు ఉంటాయి. రెండోది బురద వైపు మొగ్గింది: గళ్లు పెద్దవి, వాటి మధ్య ఖాళీలు వెడల్పు. తడిసిన తారును కరిచి పట్టుకునేవి ఆ సన్నని చీలికలే. అనంతగిరి ఘాటులో దిగేటప్పుడు కాలు యాక్సిలరేటర్ మీద నుంచి తీస్తే రీజెనరేటివ్ బ్రేకింగ్ ఒక ఇరుసునే గట్టిగా పట్టి ఆపుతుంది. ఆ ఇరుసు టైర్లు తడి మీద జారే రకమైతే ఏం జరుగుతుందో ఊహించండి. పెద్ద గళ్ల టైరు తారు మీద చేసే గుయ్‌మనే మోత కూడా ఇంజను శబ్దం లేని బండిలో మరింత వినిపిస్తుంది. మన్యం దారుల్లో రోజూ తిరిగే కొద్దిమందికి తప్ప, విశాఖ బండ్లకు మొదటి రకమే సరైనది.

తడి పట్టు, దొర్లే నిరోధం, శబ్దం ఈ మూడింటికీ హద్దులు పెడుతూ కేంద్ర ప్రభుత్వం 2022లో ఏఐఎస్-142 ప్రమాణాన్ని కార్లు, చిన్న సరుకు బండ్లు, భారీ వాహనాల టైర్లకు తప్పనిసరి చేసింది. పక్కగోడ మీద కొండ బొమ్మలో మంచు రేకు గుర్తు ఉంటే అది మంచు దేశాల పరీక్ష. లంబసింగి చలికి దానితో పని లేదు, దాని కోసం రూపాయి ఎక్కువ ఇవ్వనక్కరలేదు. అచ్యుతాపురంలో 2022లో మొదలైన యోకోహామా టైర్ల కర్మాగారం గురించి విని అక్కడి టైర్లు చవగ్గా దొరుకుతాయేమోనని అడిగేవారున్నారు. అది మొదలైనప్పుడు అక్కడ తయారైనవి పొలాల్లో, గనుల్లో, నిర్మాణ పనుల్లో తిరిగే యంత్రాల టైర్లు. మన ట్రక్కువి కావు.

6. పోయే రేంజ్‌ను ముందే ఒప్పుకోండి

అమెరికాలో 2021లో వచ్చిన రివియన్ ఎలక్ట్రిక్ ట్రక్కుకు 20 అంగుళాల ఆల్ టెర్రైన్ టైర్లు ఎంచుకుంటే రేంజ్ 10 నుంచి 15 శాతం తగ్గుతుందని ఆ కంపెనీయే చెప్పింది. ఆ లెక్కను మన దారికి తెచ్చి చూడండి. 2022 మేలో టాటా ఏస్ ఈవీని విడుదల చేసినప్పుడు కంపెనీ చెప్పిన రేంజ్ 154 కిలోమీటర్లు. అందులో పదో వంతు పోతే 15 కిలోమీటర్లు. పైగా సరుకుతో ఘాటు ఎక్కేటప్పుడు కాగితం మీది రేంజ్ ఎలాగూ రాదు. బండి ఏదైనా, కొత్త టైర్లు వేసిన మొదటి వారంలో అరకు ప్రయాణం పెట్టుకోకుండా, ముందు నగరంలో తిరిగి కిలోమీటరుకు ఎంత చార్జి దిగుతోందో పాత లెక్కతో పోల్చుకోండి.

7. బిగించే రోజున దగ్గరుండి చూడండి

ఆటోనగర్‌లోనైనా మరెక్కడైనా, టైరు మీద నాలుగు అంకెల తయారీ గుర్తు చదివాకే డబ్బు కట్టండి. 1825 అని ఉంటే 2025లో 18వ వారంలో తయారైందని అర్థం. ఏడాది దాటిన సరుకు వద్దనండి. నాలుగూ ఒకే రకం వేయడం ఉత్తమం. రెండే కొనగలిగితే కొత్తవి వెనక్కి వేయించండి. నాలుగు చక్రాలకూ మోటారు బలం అందే బండి అయితే ఆ వెసులుబాటు లేదు, నాలుగూ కలిపే మార్చాలి.

జాకీ దగ్గర మాత్రం ఒక్క క్షణం కూడా ఏమరపాటు వద్దు. ఎలక్ట్రిక్ బండి అడుగున పరచినట్లు బ్యాటరీ పెట్టె ఉంటుంది. అలవాటు కొద్దీ జాకీని చాసిస్ నడుమ పెట్టి లేపితే ఆ పెట్టె నలుగుతుంది, ఆ మరమ్మతు ముందు టైర్ల ఖర్చు లెక్కలోకే రాదు. యజమాని పుస్తకంలో గుర్తించిన చోట్లే జాకీ పెట్టాలని టైర్లు బిగించే కుర్రవాడికి ముందే చెప్పి, పుస్తకం తెరిచి చూపించండి. సముద్రపు ఉప్పుగాలికి తీరం దగ్గరి బండ్ల రిమ్ము అంచులు తుప్పు పడతాయి, అక్కడి నుంచి గాలి సన్నగా కారుతుంది. టైరు విప్పినప్పుడే ఆ అంచును గీకించి శుభ్రం చేయించండి. గాలి పీడనం చూపే సెన్సర్లున్న బండిలో వాటిని తిరిగి గుర్తింపజేయాలి. నట్లను, బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచితో బిగించమనండి. బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ అదే రోజు పూర్తి కావాలి.

ఆ తర్వాత 100 కిలోమీటర్ల లోపు నట్లను మరోసారి బిగించి చూపించుకోండి. గాలిని పదిహేను రోజులకొకసారి, తెల్లవారి బండి కదలక ముందు కొలవండి. ఎండలో తిరిగి వచ్చిన టైరులో పీడనం ఎక్కువగా కనిపిస్తుంది, అది చూసి గాలి తీసేస్తే చల్లారాక తక్కువైపోతుంది. ప్రతి 8,000 కిలోమీటర్లకు చక్రాల స్థానాలు మార్పించండి. స్టెప్నీ కూడా అదే కొలతదైతే దాన్ని ఆ వరుసలో కలుపుకోవచ్చు.