పదివేలతో క్యాసినో టేబుల్ దగ్గర పెద్ద పందెం ఎట్ల కాయాల

మన అనంతపురం సైడ్ నుంచి గోవా పోయేటోళ్లు శానా మంది గుంతకల్లులో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి బళ్లారి, హుబ్లీ మీద పోతారు. ఆ బండిలో ఎక్కిన ప్రతిసారీ నాకు ఒకే మాట వినపడతాది, "ఓడితే డబుల్ చేసుకుంటా పో అన్నా, ఎప్పుడో ఒకసారి రెడ్ పడక యాడికి పోతాది" అని. ఆ మాట నమ్మి కాసినోణ్ణే నేను కూడా, అందుకే ముందు దాని సంగతే చెప్తా.

రూలెట్‌లో, అంటే చక్రంలో బంతి తిప్పి రెడ్, బ్లాక్ మీద పందెం కాసే ఆటలో, ఓడిన ప్రతిసారీ పందెం డబుల్ చేసేదాన్ని మార్టింగేల్ అంటారు. 100 కాస్తావు, పోతే 200, మళ్లీ పోతే 400, అట్ల 800, 1,600, 3,200, 6,400. వరసగా ఏడు సార్లు పోతే మొత్తం 12,700 పోయింటాది, ఎనిమిదోసారి 12,800 కాయాల, సరే కాసినావు గెలిచినావు అనుకో, అన్నీ లెక్కేస్తే నీకు మిగిలేది ఎంత? 100 రూపాయలు. ఆ 100 కోసం పాతికవేలు టేబుల్ మీద పెట్టినట్టు.

నాలుగేండ్ల కింద నాకు అయింది ఇదే. టేబుల్ పక్కన బోర్డు మీద మినిమమ్ 100, మ్యాక్సిమమ్ 10 వేలు అని రాసింటే చూసి కూడా పట్టించుకోలే. మొదట్లో బాగనే నడిచింది, 1,400 లాభంలో ఉన్నా. ఆడ నుంచి మొదలైంది, బ్లాక్, బ్లాక్, మధ్యలో ఒక జీరో (అది పడినా రెడ్ మీద కాసింది పోయినట్టే), మళ్లీ బ్లాక్. ఏడో పందేనికి 6,400 రూపాయల చిప్స్, అంటే దుడ్లకి బదులిచ్చే బిళ్లలు, రెండు చేతులతో రెడ్ మీదికి తోసినా. బంతి చక్రం అంచున తిరిగి తిరిగి 3లో పడింది, అది రెడ్, నేను ఊపిరి వదిలినా, అంతలో టక్కున ఎగిరి పక్కన 26లో కూచుంది, అది బ్లాక్. ఆట నడిపే డీలర్ చిప్స్ మొత్తం లాక్కునింది. ఇంగ 12,800 పెడదామంటే మాటేం లేదు, బోర్డు దిక్కు చూపించింది, 10 వేలకి మించి తీసుకోరంట. డబుల్ చేసేటోళ్లను ఆపేది ఆ మ్యాక్సిమమ్ బోర్డే, దాన్ని టేబుల్ దగ్గర కూచోకముందే చదవాల.

ఏడు సార్లు వరసగా పోయేది అరుదే, ఒక్కో వరసకి 106లో ఒక ఛాన్స్. కానీ నువ్వు రాత్రంతా కూచుని 100 స్పిన్లు ఆడితే అందులో యాడో ఒక చోట అట్లాంటి వరస తగిలే ఛాన్స్ మూడింట ఒక వంతు ఉంటాది, అదీ దీంట్లో ఉండే మోసం. 1913లో మాంటే కార్లోలో ఒక టేబుల్ మీద బ్లాక్ వరసగా 26 సార్లు పడింది, ఇంగ రెడ్ పడక తప్పదని కాసినోళ్లంతా మునిగిపోయినారు. బంతికి పోయిన స్పిన్ గుర్తుండదప్పా.

ఇప్పుడు అసలు లెక్క. రూలెట్‌లో 37 గళ్లు, 18 రెడ్, 18 బ్లాక్, ఒక జీరో. ఆ ఒక్క జీరో వల్లే నువ్వు కాసే ప్రతి 100లో సగటున 2 రూపాయల 70 పైసలు వాళ్లకి పోతాది. కొన్ని టేబుళ్లలో రెండు జీరోలు ఉంటాయి, ఆడ 5 రూపాయల 26 పైసలు, అట్లాంటి చక్రం కనపడితే వేరే టేబుల్ చూసుకో. ఎంత తెలివిగా పెంచినా తగ్గించినా ఈ శాతం మారదు. మారేది ఒక్కటే, నువ్వు మొత్తం ఎన్ని దుడ్లు ఆ చక్రం కింద తిప్పుతున్నావు అనేది.

ఇది అర్థమైతే రిస్క్ ఎట్ల తీసుకోవాల్నో కూడా అర్థమైతాది. నీ దగ్గర 10 వేలున్నాయి, 20 వేలు చేసుకోని లేయాల, లేదంటే మొత్తం పోవాల, అంతే లెక్క అనుకో. మొత్తం ఒకేసారి రెడ్ మీద కాస్తే గెలిచే ఛాన్స్ 48.65 శాతం. వెయ్యి వెయ్యిగా కాస్తే అదే ఛాన్స్ 36.8 శాతానికి పడిపోతాది. జాగ్రత్తగా ఆడుతున్నా అనుకోని 100 లెక్కన కాస్తే? అర శాతం కూడా రాదు, 224లో ఒక ఛాన్స్. ఎందుకంటే 100 లెక్కన ఆడితే అటో ఇటో తేలేలోపల సగటున మూడున్నర లక్షల పైనే టేబుల్ మీద తిరిగింటాది, అంతా 2.7 శాతం కోతలోనే కరిగిపోతాది. నేను మొదట నమ్మలే, ఇంటికొచ్చి నోట్‌బుక్‌లో మళ్లీ మళ్లీ వేసి చూసినా, అంతే వచ్చింది. టైంపాస్‌కి కూచోవాలంటే చిన్న పందేలు మంచివి, దుడ్లు డబుల్ కావాలంటే మాత్రం ఒకటో రెండో పెద్ద పందేలు కాసి లేసి రావాల.

అంత ధైర్యం లేనోళ్లకి పరోలి ఉంది, మార్టింగేల్‌కి తిరగేసింది. గెలిచినప్పుడు మాత్రమే పెంచుతావు. 100 కాసి గెలిస్తే ఆ 200 అట్లే వదిలేయాల, మళ్లీ గెలిస్తే 400 వదిలేయాల, మూడోసారి గెలిస్తే 800 తీసుకోని మళ్లీ 100కి రావాల. మూడు వరసగా పడే ఛాన్స్ 11.5 శాతమే, ఎక్కువసార్లు పోతాది, కానీ పోయేది ఎప్పుడూ నీ 100 మాత్రమే.

ఒకే నంబర్ మీద కాసేదైతే తొలకరి పడినాక జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాలు ఎతికినట్టే. తగిలితే 35 రెట్లు, కానీ 37లో ఒక ఛాన్స్. ఒకటి రెండు సార్లు కాయి, దాన్నే పట్టుకోని కూచోవద్దు.

ముక్కల లెక్క 21 దాటకుండా డీలర్‌ని మించాల్సిన పేకాట బ్లాక్‌జాక్. దాంట్లో రిస్క్ తీసుకోవాలంటే సరైన చోటు డబుల్ డౌన్, అంటే పందెం డబుల్ చేసి ఇంకొక్క ముక్క మాత్రమే తీసుకునేది, నీ రెండు ముక్కలు కలిపి 11 అయి డీలర్ ముందర 6 కనపడుతుంటే ధైర్యంగా డబుల్ చెయ్యి. 8 జత వస్తే రెండు ఆటలుగా విడగొట్టు, 10 జతని మాత్రం ముట్టుకోవద్దు. కూచునేముందు బ్లాక్‌జాక్‌కి, అంటే మొదటి రెండు ముక్కలకే 21 పడితే, ఎంత ఇస్తారో అడుగు, వెయ్యికి 1,500 ఇచ్చే టేబుల్ మంచిది, 1,200 ఇచ్చేదైతే వద్దు. డీలర్ ముందర ఆసు కనపడితే ఇన్సూరెన్స్ అని అడుగుతారు, అంటే డీలర్ దాచిన ముక్క పది లెక్కదని కాసే పక్క పందెం, అది వద్దే వద్దు, మూడింట ఒకసారి పడితేనే గిట్టుబాటు, పడేది 13లో 4 సార్లు. బ్యాకరా అనే పేకాటలో బ్యాంకర్, ప్లేయర్ అని రెండు వైపులు, సమానమైతే టై. బ్యాంకర్ మీద కోత 1.06 శాతం, టై మీద 14 శాతం పైన, 8 రెట్లు ఇస్తారని ఆశపడి టై మీద పెట్టొద్దు. మన లోపల బయటే ఆడ అందర్ బాహర్, మొదటి ముక్క పడిన వైపు గెలిచేది 51.5 శాతం, అందుకే శానా చోట్ల ఆ వైపుకి 100కి 90 మాత్రమే ఇస్తారు.

చట్టం సంగతి కూడా చూసుకోవాల. మన ఆంధ్రలో 1974 గేమింగ్ చట్టం ఉంది, 2020లో దాన్ని ఆన్‌లైన్‌కి కూడా తెచ్చినారు, 2025లో కేంద్రం దుడ్లు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ నిషేధించింది. ఫోన్లో రూలెట్ అని లింక్ పంపితే తెరవొద్దు, ఆ చక్రం ఎవరు తిప్పుతున్నారో కూడా తెలీదు. గోవాలో 21 ఏండ్లు నిండినోళ్లకే ఎంట్రీ. 2025 సెప్టెంబర్ 22 నుంచి క్యాసినోల మీద జీఎస్టీ 28 నుంచి 40 శాతమైంది, గెలిచినదాని మీద 30 శాతం ఇన్‌కమ్ ట్యాక్స్ వేరే, పైన చెప్పిన లెక్కల్లో ఇవేవీ కలపలే, కలిపితే ఇంకా తగ్గుతాది.

శెనక్కాయల దుడ్లు, చీటీ పాడిన దుడ్లు, అప్పు తెచ్చిన దుడ్లు ఈ పనికి వద్దు. పోయినవి రాబట్టాలని నిద్ర పట్టకుంటే 14416కి ఫోన్ చెయ్యి, టెలి మానస్ అనే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. నేను ఇప్పుడు పోతే రిటర్న్ టికెట్ ముందే తీసింటా, ఏటీఎం కార్డు, ఫోన్ రెండూ రూంలో మా బావ చేతికిస్తా, 10 వేలు ఒక కవర్లో పెట్టుకోని పోతా. ఐదువేలు ఒకసారి, ఐదువేలు ఇంకోసారి, రెండు స్పిన్లు, ఆ తర్వాత టేబుల్ దగ్గర నిలబడను, పోయి అన్నం తింటా.