డ్రమ్ బృందంలో నడుస్తూ వాయించడం ఎలా నేర్చుకోవాలి

బోనాల ఊరేగింపులోనో, గణేశ నిమజ్జనంలోనో తీన్‌మార్ దెబ్బకు అడుగు కలపడం హైదరాబాద్ పిల్లలకు ఎవరూ నేర్పనక్కరలేదు. అదే పిల్లలు స్కూలు బ్యాండులో సైడ్ డ్రమ్ తగిలించుకుని మైదానంలో వరుసగా నడవవలసి వస్తే, పదో అడుగుకు వరుస వంకర పోతుంది, ఇరవయ్యో అడుగుకు తాళం జారుతుంది. ఊరేగింపులో వేగం జనం హుషారును బట్టి పెరుగుతూ పోయినా ఎవరూ తప్పు పట్టరు, నిజానికి అదే అందం. పోటీ మైదానంలో మాత్రం మొదటి అడుగుకు ఉన్న వేగమే చివరి అడుగుకూ ఉండాలి. పోటీ స్థాయి డ్రమ్ బృందంలో చేరాలనుకునే విద్యార్థులకూ, వారికి నేర్పవలసిన బాధ్యత నెత్తిన పడిన పీఈటీ మాస్టార్లకూ ఉపయోగపడుతుందని ఈ పద్ధతిని రాస్తున్నాను.

ఈ కళకు అత్యంత కఠినమైన రూపం అమెరికాలోని డ్రమ్ కోర్ పోటీలలో కనిపిస్తుంది. అక్కడ డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ అనే సంస్థ 1972లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని వైట్‌వాటర్‌లో మొదటి ఛాంపియన్‌షిప్ జరిపింది. ఇప్పుడు ఫైనల్స్ ఏటా ఆగస్టులో ఇండియానాపోలిస్‌లో జరుగుతాయి. పెద్ద బృందంలో నూట యాభై మందికి పైగా ఉంటారు, అందరూ యువతే. ఇత్తడి వాద్యాలు, డ్రమ్ములు, జెండాలు తిప్పే దళం తప్ప వేణువు, క్లారినెట్ వంటివి అందులో ఉండవు. మన దగ్గర దీనికి దగ్గరగా వచ్చేవి ఎన్‌సీసీ బ్యాండ్లు, పాఠశాలల బ్రాస్ (ఇత్తడి వాద్యాల), పైప్ (బ్యాగ్‌పైపుల) బ్యాండ్లు. గణతంత్ర దినోత్సవ వేడుకలలో భాగంగా కేంద్ర రక్షణ, విద్యా శాఖలు కలిసి నిర్వహించే జాతీయ స్కూల్ బ్యాండ్ పోటీలో బాలురకూ బాలికలకూ విడివిడిగా ఈ రెండు రకాల విభాగాలూ ఉన్నాయి కాబట్టి, మన పిల్లలకు నిజంగా అందుబాటులో ఉన్న గమ్యం అదే.

మొదటి రెండు వారాలు డ్రమ్ముకు చేయి తగలనివ్వకండి. ఈ మాట పిల్లలకు నచ్చదు, తల్లిదండ్రులకు అసలే నచ్చదు; అయినా నడక కుదరని పిల్లవాడి మెడలో డ్రమ్ వేస్తే, అతడు వాయింపు కోసం నడకను, నడక కోసం వాయింపును చెడగొట్టుకుంటూ నెలలు గడుపుతాడు. సావధాన్‌లో నిలబడి, ఉన్నచోటనే కదమ్ తాల్ వేస్తూ, ఎడమ కాలు నేలను తాకే క్షణమే తాళంలో మొదటి దెబ్బ అని శరీరానికి అలవాటు చేయాలి. ఫోనులో టిక్ టిక్‌మని తాళం కొట్టే మెట్రోనోమ్ ఆప్ పెట్టుకుని నిమిషానికి 80 దెబ్బలతో మొదలుపెట్టి, వారానికి కొంత చొప్పున పెంచుతూ 120కి చేరుకోవాలి.

అడుగు పొడవు దగ్గర ఒక చిక్కు ఉంది. ఎన్‌సీసీలో తేజ్ చల్ అంటే నిమిషానికి 120 అడుగులు, ఒక్కో అడుగు 30 అంగుళాలు. డ్రమ్ కోర్ నడకలో ఐదు గజాల దూరాన్ని ఎనిమిది అడుగులలో దాటుతారు, అంటే అడుగుకు 22.5 అంగుళాలు. ఎన్‌సీసీ అడుగుతో నడిచినవాడు అదే ఐదు గజాలను సరిగ్గా ఆరు అడుగులలో దాటేస్తాడు. పక్కవాడికి ఇంకా రెండు అడుగులు మిగిలి ఉండగానే ఇతడు గీత మీద నిలబడి దిక్కులు చూస్తాడు. మంచి క్యాడెట్లే కొత్త బృందంలో మొదట తడబడడానికి కారణం ఇదే. అందుచేత బృందం ఏ అడుగు వాడుతుందో మొదటి రోజే తేల్చుకుని, నైలాన్ తాడుకు ఐదేసి గజాలకు ఒక ముడి వేసి, ఆ ముడుల దగ్గర నేల మీద ముగ్గుపిండితో గీతలు గీయండి. చేతులు ఊపే అలవాటును కూడా ఇక్కడే మాన్పించాలి, ఎందుకంటే రేపు ఆ చేతులకు వేరే పని ఉంటుంది.

ముందుకు నడిచేటప్పుడు మడమ ముందు ఆని, పాదం మెల్లగా దొర్లి, వేళ్లు చివర ఆనాలి. పాదాన్ని నేలకేసి కొడితే ఆ అదురు నడుము ద్వారా మణికట్టుకు చేరి దెబ్బను చెడగొడుతుంది. కవాతులో కాలు దభీమని వేయడం గొప్పగా భావించే మనవాళ్లకు ఇది విడ్డూరంగానే తోస్తుంది. వెనక్కి నడిచేటప్పుడు మడమ నేలకు ఆనకూడదు. పక్కకు కదలడం అన్నింటికంటే కష్టం: ఇత్తడి వాద్యాలవారు నడుము తిప్పి ముఖం ప్రేక్షకుల వైపు పెట్టగలరు గానీ, ఛాతీకి డ్రమ్ బిగించుకున్నవారికి ఆ వీలు లేదు కనుక, ఒక కాలి ముందు నుంచో వెనుక నుంచో రెండో కాలు దాటిస్తూ పీతలాగా నడవాలి. మెట్ల మీద దిగే పాప కొంగు పట్టుకున్నట్టు, మొదట్లో పక్కవాడి భుజం పట్టుకుని ఈ నడకను సాధన చేయడంలో సిగ్గేమీ లేదు.

ఇక చేతుల సంగతి. డప్పు వాయించే ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలకు లయ పుట్టుకతో వచ్చినట్టే ఉంటుంది, కానీ డప్పులో కుడి చేతి సిర్రకూ ఎడమ చేతి చిటికెన పుల్లకూ పనులు వేరు, నాదాలు వేరు. సైడ్ డ్రమ్ములో రెండు కర్రలూ సమానం. కళ్లు మూసుకుని వినేవారికి ఏది కుడి దెబ్బో ఏది ఎడమ దెబ్బో తెలియకూడదు. అందువల్ల సాధనలో ఎడమ చేతికి ఎక్కువ కాలం కేటాయించండి. అంతర్జాతీయంగా పెర్కసివ్ ఆర్ట్స్ సొసైటీ 1984లో ఖరారు చేసిన నలభై మూల పాఠాలున్నాయి. వాటిని రూడిమెంట్స్ అంటారు. అన్నింటి జోలికీ పోకుండా, ఒంటి దెబ్బలు, జంట దెబ్బలు, పారడిడిల్, ఫ్లామ్ (చిన్న దెబ్బను అంటుకుని వెంటనే పెద్ద దెబ్బ) అనే నాలుగింటితో ఒక సంవత్సరం గడిపినా నష్టం లేదు. పారడిడిల్‌ను నోటితో 'కుడి ఎడమ కుడి కుడి, ఎడమ కుడి ఎడమ ఎడమ' అని పలికించి, ఆ తరువాతే ప్రాక్టీస్ ప్యాడ్ ముట్టనివ్వాలి.

లెక్క చెప్పడానికి ఇంగ్లీషు అంకెల కంటే మన మృదంగం జతులు మేలని నా అనుభవం. ఒక అడుగులో నాలుగు దెబ్బలు పడాలంటే తకధిమి, మూడు పడాలంటే తకిట. ఆ మాటలు పలుకుతూ నడిచే పిల్లవాడికి ఒక అడుగును సమానంగా ఎలా పంచాలో వేరే చెప్పనక్కరలేదు. కర్ర లేచే ఎత్తును కూడా మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు అంగుళాలుగా నిర్ణయించి, అందరి కర్రలూ ఒకే ఎత్తుకు లేస్తున్నాయో లేదో గోడకు అంటించిన కాగితం గీతలతో సరిచూసుకోవాలి. శబ్దం ఒకేలా ఉండాలంటే ఎత్తు ఒకేలా ఉండాలి. న్యాయనిర్ణేతల కంటికి కనిపించేదీ అదే. ఇవి కుదిరాక నడకనూ వాయింపునూ కలపండి, అది కూడా మొదట కదమ్ తాల్‌లో, తరువాత ఎనిమిది అడుగులు, ఆ తరువాత పదహారు.

అసలు కష్టం మైదానంలోకి దిగాక మొదలవుతుంది. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్ల దూరమే పోగలదు. 120 వేగంలో ఒక అడుగుకు అర సెకను, అంటే తకధిమిలో ఒక్కో అక్షరానికి సెకనులో ఎనిమిదో వంతు పడుతుంది. మీకు యాభై మీటర్ల దూరంలో ఉన్న బాస్ డ్రమ్ దెబ్బ మీ చెవికి చేరేసరికి ఒక అక్షరం కంటే ఎక్కువ కాలమే గడిచిపోతుంది. మైదానం ఈ చివర నుంచి ఆ చివరకైతే రెండక్షరాలు దాటుతుంది. చెవికి వినిపించినదానితో కలిపి నిజాయితీగా వాయించినవాడే తప్పుగా వాయించినట్టు లెక్క. నేను పదో తరగతిలో ఉండగా ఒక అంతర పాఠశాలల పోటీలో, ఎదురుగా ఉన్న గ్యాలరీ గోడకు తగిలి వెనక్కి వస్తున్న మా దెబ్బనే విని, దానితో కలపబోయి, నా వెంట మరో నలుగురిని కూడా లాక్కుపోయాను. అప్పుడు మా మాస్టారు తిట్టలేదు. మరుసటి రోజు నన్ను మైదానం అవతలి చివర నిలబెట్టి, ఇటు నుంచి చప్పట్లు కొట్టి చూపించారు. చేతులు కలిసిన కాసేపటికి చప్పుడు వచ్చింది.

దీనికి బృందాలు పాటించే విరుగుడు తేలికైనదే. తాళానికి ఆధారమైన డ్రమ్ముల వరుసను వీలైనంత వెనుక, మధ్యలో ఉంచుతారు. వారి ముందున్న ప్రతి ఒక్కరూ వెనుక నుంచి వచ్చే దెబ్బను విని, అది తమను తాకిన క్షణంలోనే వాయిస్తారు. అప్పుడు అందరి ధ్వనీ ఒకే అలగా కలిసి ప్రేక్షకులకు చేరుతుంది. డ్రమ్ముల వరుసకు వెనుక గానీ, బాగా పక్కకు గానీ ఉన్నవారు మాత్రం చెవి మూసుకున్నట్టే భావించి, ముందు నిలబడి చేతితో తాళం చూపే నాయకుడు, అంటే డ్రమ్ మేజర్ చేతినే చూడాలి. ఆ డ్రమ్ మేజర్ కూడా తన చెవిని నమ్మడు. మధ్యనున్న సైడ్ డ్రమ్ వాద్యకారుడి పాదాలను చూసి తాళం వేస్తాడు. వెనుకవారిని వినాలి, ముందువారిని చూడాలి అన్న ఈ ఒక్క సూత్రాన్ని ప్రతి సాధనకూ ముందు పిల్లల చేత చెప్పించండి.

ప్రతి ఒక్కరికీ మైదానంలో తమ స్థానాలు రాసిన చిన్న పుస్తకం ఉండాలి. అమెరికన్ పిల్లలు ఆ స్థానాన్ని డాట్ అంటారు. మనం చుక్క అందాం, ముగ్గు పెట్టే ఇళ్లలో పుట్టినవారికి అది వివరించనక్కరలేదు. ఏ గీతకు ఎన్ని అడుగుల దూరంలో నిలబడాలి, అక్కడి నుంచి తరువాతి చుక్కకు ఎన్ని లెక్కలలో చేరాలి అన్న రెండు విషయాలు రాసుకుంటే చాలు.

వాద్యాల విషయంలో ఎక్కువ చెప్పవలసినది లేదు. మన స్కూళ్లలో బెల్టుకు వేలాడే సైడ్ డ్రమ్ములే ఎక్కువ. అవి ఎడమ తొడ వైపు వాలి ఉంటాయి కాబట్టి ఎడమ చేతి కర్రను అరచేయి పైకి తిప్పి పట్టుకునే పాత పద్ధతి వాటికి నప్పుతుంది. ఛాతీకి బిగించే చట్రం ఉంటే రెండు చేతులతోనూ ఒకేలా పట్టుకోవచ్చు. ఎదిగే పిల్లల భుజం మీద బరువు వేసేముందు బెల్టు పొడవు సరిచూడండి. నడిచేటప్పుడు డ్రమ్ మోకాలికి తగిలితే బెల్టు కురచ చేయాలి.

సాధన వేళ గురించి ఒక హెచ్చరిక. శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు ఆరుబయట వాద్యాలు మోగించకూడదు. ఆసుపత్రుల చుట్టూ ప్రకటించిన నిశ్శబ్ద ప్రాంతాలలో అసలే కూడదు. ఎండ తప్పించుకోవడానికి ఐదున్నరకే మైదానం చేరే బృందం, ఆరు దాకా నడక, సాగదీత వ్యాయామాలు, జతులు మాత్రమే చేయాలి. ఉదయం నడకకు వచ్చే పెద్దలతో ముందే మాట్లాడి పెట్టుకోవడం మంచిది. రెండు వారాలలో వాళ్లే మీ మొదటి ప్రేక్షకులై, తాళం తప్పితే నవ్వుతారు. హైదరాబాద్ వేసవిలో తొమ్మిది దాటాక ఎవరినీ ఎండలో నిలబెట్టకండి. దాహం వేయకముందే నీళ్లు, అప్పుడప్పుడు ఓఆర్‌ఎస్ ఇవ్వండి. చెవులను ఎవరూ పట్టించుకోరు, అది పెద్ద పొరపాటు. వంద డెసిబెళ్ల చప్పుడును రోజుకు పావుగంటకు మించి వినరాదని నిపుణుల లెక్క. డ్రమ్ముల వరుస మధ్యలో నిలబడ్డవారికి ఆ చప్పుడు మామూలే. మందుల షాపులో దొరికే స్పాంజి బిళ్లలు పెట్టుకుంటే సరిపోతుంది.

బృందం నిలబడేది వాయింపుతో కన్నా ఎక్కువగా మనుషుల మధ్య పొత్తుతో. బాస్ డ్రమ్ మోసే పిల్లవాడు సాధారణంగా అందరికంటే ముందు వచ్చి అందరికంటే చివర వెళతాడు. వాద్యాలు మోయడం, గీతలు గీయడం, నీళ్ల క్యాన్లు నింపడం వంతులవారీగా రాసి పెట్టకపోతే ఆ పనులన్నీ అతడి మీదే పడతాయి. కొత్తవాళ్లను ఏడిపించే సీనియర్‌ను ఎంత బాగా వాయించినా వరుసలో ఉంచకండి. ఇక మన ఊరి ప్రత్యేక సమస్య: పదో తరగతి దాటగానే మంచి వాద్యకారులను ఇంటర్ కాలేజీల స్టడీ అవర్లు మింగేస్తాయి. వాళ్లు పోయాక ఏడవడం కన్నా, ప్రతి పదో తరగతి విద్యార్థికి ఎనిమిదో తరగతి నుంచి ఒకరిని జత చేసి, అతడి చుక్కల పుస్తకాన్ని ఆ తమ్ముడికో చెల్లెలికో అప్పగించే ఆనవాయితీ పెట్టుకోండి. ఆదివారం పూట వచ్చి తప్పులు దిద్దిపోయే అన్నయ్యలూ అక్కయ్యలూ ఆ ఆనవాయితీ వల్లనే మిగులుతారు.

పోటీకి ముందు మార్కులు ఎలా పడతాయో పిల్లలకు తెలియాలి. డ్రమ్ కోర్ పోటీలో నూటికి 40 మొత్తం ప్రభావానికి, 30 కంటికి కనిపించే కదలికకు, 30 సంగీతానికి. అంటే ఎంత తీయగా వాయించినా వరుస వంకర పోతే గెలవలేరు. ఇక్కడి పోటీల నిబంధనలు వేరుగా ఉంటాయి కనుక ఆ పత్రాన్ని మాస్టారు ఒక్కరే చదివి ఊరుకోకుండా అందరికీ చదివి వినిపించాలి. ముందు రోజు కొత్త పాఠం ఏదీ చెప్పవద్దు, కొత్త బూట్లు అసలే వేయించవద్దు. పోటీ స్థలానికి గంటన్నర ముందు చేరి, వీలైతే మైదానాన్ని ఒకసారి ఖాళీ చేతులతో నడిచి, ఎదురుగా గోడ ఉందో ఖాళీ ఉందో చూసుకోండి. ప్రదర్శన అయిపోయాక చివరి వరుస గేటు దాటి, డ్రమ్ మేజర్ విశ్రామ్ అనే వరకు ఎవరూ బెల్టు వదులు చేయకూడదు. ఆ తరువాత డ్రమ్ముల మీది చెమట తుడిచి, బిగింపు మరలు ఒక్కో చుట్టు వదులు చేసి బస్సులోకి ఎక్కించండి. బాస్ డ్రమ్ చివర ఎక్కాలి, లేకపోతే దిగేటప్పుడు అన్నింటికీ అదే అడ్డం.