ఇగ్నో పాఠ్యపుస్తకాలు: డిజిటల్ ప్రతి ఎంచుకుని ఫీజు తగ్గింపు పొందే విధానం

ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో) తన పాఠ్యపుస్తకాలను తానే తయారుచేసి విద్యార్థులకు అందిస్తుంది. అచ్చు పుస్తకాలు అక్కర్లేదని, డిజిటల్ ప్రతులు చాలని ప్రవేశ దరఖాస్తులో తెలిపినవారికి ప్రోగ్రామ్ ఫీజులో 15 శాతం తగ్గిస్తారు. ప్రోగ్రామ్ ఫీజు 6,000 రూపాయలైతే 900 రూపాయలు మిగులుతాయన్నమాట. రిజిస్ట్రేషన్ ఫీజుకు మాత్రం ఈ తగ్గింపు వర్తించదు.

ప్రవేశాలు ఏటా జనవరి, జూలై విడతల్లో జరుగుతాయి. డిగ్రీ, పీజీ కోర్సులకు దరఖాస్తు చేసేవారు ముందుగా డిజిలాకర్ ద్వారా ఏబీసీ ఐడీని (విద్యార్థి చదువుల క్రెడిట్లు నమోదయ్యే ఖాతా సంఖ్య), దాని ఆధారంగా యూజీసీ దూరవిద్యా విభాగం పోర్టల్‌లో డెబ్ ఐడీని (దూరవిద్యలో చేరేవారి గుర్తింపు సంఖ్య) సృష్టించుకోవాలి. ఆధార్‌లోనూ, పదో తరగతి సర్టిఫికెట్‌లోనూ పేరు వేర్వేరుగా ఉంటే ఈ దశలోనే చిక్కు వస్తుంది కనుక చివరి తేదీ దాకా ఆగకుండా దాన్ని ముందే సరిచేయించుకోవడం మేలు.

తర్వాత ఇగ్నో ప్రవేశాల పోర్టల్‌లో ఈమెయిల్, మొబైల్ నంబరుతో ఖాతా తెరిచి, కోర్సును, బోధనా మాధ్యమాన్ని, ప్రాంతీయ కేంద్రాన్ని, అధ్యయన కేంద్రాన్ని ఎంచుకోవాలి. మన తెలుగు రాష్ట్రాల్లో హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నంలలో ప్రాంతీయ కేంద్రాలున్నాయి. పాఠ్యసామగ్రి ఏ రూపంలో కావాలో అడిగిన చోట డిజిటల్ అని గుర్తించి, ఫొటో, సంతకం, సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేసి, ఫీజు చెల్లించే ముందు తెరపై కనిపించే మొత్తంలో తగ్గింపు పడిందో లేదో తప్పక చూసుకోవాలి.

ఈ ఎంపిక అందరికీ లాభమని చెప్పలేము. పుస్తకాలన్నింటినీ బయట ప్రింటు తీయించవలసి వస్తే మిగిలిన సొమ్ము కంటే ఎక్కువే ఖర్చు కావచ్చు. ఇంట్లో ఒక్క చిన్న ఫోనే ఉండి, దాన్నే నలుగురూ వాడుకునే పరిస్థితిలో అచ్చు పుస్తకాలు తీసుకోవడమే న్యాయం. అందుకే దరఖాస్తుకు ముందే ఇగ్నో పుస్తకాలుండే ఈజ్ఞానకోశ్ వెబ్‌సైట్‌లో తమ కోర్సు పుస్తకాన్ని ఉచితంగా దించుకుని, ఒక పాఠమైనా తెరపై పూర్తిగా చదివి చూడాలి. ఇగ్నో విద్యార్థి కానివారూ అక్కడ చదువుకోవచ్చు. కాబట్టి ఇతర కళాశాలల్లో చదువుతూ పుస్తకాలు కొనలేని పిల్లలకు కూడా ఈ సంగతి చెప్పండి.